వెండి నిజం, అంకె అబద్ధం

మా తాత కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. వరంగల్ చౌరస్తా దగ్గర ఆయనకు వెండి బంగారాల చిన్న కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన ఒక నాపరాయి పలక. పల్లెల నుంచి ఎవరైనా పాత రూపాయలు అమ్మడానికి తెస్తే, ఒక్కొక్కదాన్నీ ఆ గోటి మీద పెట్టి ఎగరేసి పలక మీద పడనిచ్చేవాడు. ఖణేల్‌మని మోగి, ఆ మోత సన్నగా సాగి సాగి ఆగితే ఒక కుప్పలోకి. టప్పుమని చచ్చిన చప్పుడైతే ఇంకో కుప్పలోకి. నేను పక్కన చాప మీద బోర్లా పడుకుని కుప్పలు లెక్కపెట్టేదాన్ని.

"ఇన్నవా బిడ్డా, వెండి రూపాయి పాట పాడ్తది. సత్తు రూపాయి దగ్గుతది" అనేవాడు.

ఆయన పోయాక కొట్టు అన్నదమ్ముల చేతికి వెళ్లింది. నా వంతుకు వచ్చినవి చెక్కపెట్టెలో ఇమిడే చిన్న త్రాసు, అగ్గిపెట్టెంత గీటురాయి, డబ్బాడు గురిగింజలు, గుప్పెడు హాలీ రూపాయలు, అంటే నిజాం రూపాయలు. ఆ గుప్పెడే నన్ను నాణేల పిచ్చిలోకి లాగింది. ముప్పై ఒక్కేళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని. నోటు వేళ్ల మధ్య నలిగితే చాలు, మంచిదో దొంగదో తెలిసిపోయేది. తాత సామాను, నా ఉద్యోగం రెండూ కలిసి, నాణెం విషయంలో నన్నెవరూ ముంచలేరన్న ధీమా ఇచ్చాయి.

పదిహేనేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనకు వెళ్లాను. ఒక బల్ల మీద 1939 రూపాయి కనబడింది. ఆరో జార్జి బొమ్మ, బొంబాయి టంకశాల చుక్క. ఆ ఏడాది రూపాయలు బయటికి వచ్చింది బహు కొద్ది. అందుకే 1938 రూపాయిని వెండి ధరకు అటూఇటూగా కొనుక్కునే సేకర్తలు, 1939 అనగానే వేలకు వేలు బయటికి తీస్తారు. అతను అడిగింది ఇరవై రెండు వేలు. మిగతాచోట్ల చెప్పే ధరలో అది సగం కూడా కాదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. ఆశ వచ్చింది.

ఇంటికి తెచ్చి పరీక్షలు మొదలుపెట్టాను. బరువు 11.62 గ్రాములు, ఉండాల్సింది 11.66, కాస్త అరిగిందనుకుంటే సరిపోయింది. అయస్కాంతం దాని వంక కూడా చూడలేదు. దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూచాను. గాలిలో బరువును నీళ్లలో తగ్గిన బరువుతో భాగిస్తే 10.3 పైచిలుకు వచ్చింది. స్వచ్ఛమైన వెండికి 10.5 రావాలి. నూటికి 91.7 వంతుల వెండి, మిగతా రాగి ఉన్న రూపాయికి ఇంతే రావాలి. చివరికి గుండె చిక్కబట్టుకుని, వంటింటి గట్టు రాయి మీద తాతలాగే ఎగరేశాను. పాట పాడింది.

నెల తర్వాత నాణేలు చూడటంలో తల పండిన ఒక రిటైర్డ్ సారుకు గొప్పగా చూపించాను. ఆయన త్రాసు అడగలేదు, రాయి అడగలేదు. పదింతలు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని, నాణేన్ని దీపం కింద అటూ ఇటూ ఏటవాలుగా తిప్పారు.

"మంచి రూపాయమ్మా" అన్నారు. నేను నవ్వేలోపే, "1938ది" అన్నారు.

భూతద్దం నా చేతికిచ్చి, "ఇందులో రెండు తొమ్మిదులున్నయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడు" అన్నారు. చూశాను. రెండో స్థానంలోని తొమ్మిదికి పైసున్న పెద్దగా, నిండుగా ఉంది. చివరి తొమ్మిదికి పైసున్న చిన్నగా ముడుచుకుపోయి ఉంది. ఎందుకుండదు? ఎనిమిది అంకెలో పైసున్న చిన్నది, కిందిది పెద్దది. కిందిసున్నలో ఎడమవైపు చెక్కేస్తే తొమ్మిది వేషం వస్తుంది కానీ పైసున్న పెరగదు కదా. చెక్కినచోట నేల మీద వెంట్రుకవాసి గీతలున్నాయి. చుట్టూ వెండి డెబ్బై ఏళ్ల నలుపు పట్టి ఉంటే, అక్కడ మాత్రం నిన్న తోమిన గిన్నెలా తెల్లగా ఉంది. ఇరవై రెండు వేల రూపాయల తేడా ఆవగింజంత చోటులో ఉంది.

ఆ రాత్రి నన్ను బాధపెట్టింది డబ్బు ఒక్కటే కాదు. తాత పరీక్షల్లో ఒక్కటీ తప్పు చెప్పలేదు. అన్నీ నిజమే చెప్పాయి. వాటిని నేను అడిగిన ప్రశ్నే తప్పు. తాత రూపాయిని అడిగింది 'నీలో వెండి ఎంత' అని. నేను అడగాల్సింది 'నువ్వు ఎప్పుడు, ఎక్కడ, ఎలా పుట్టావు' అని. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం ఎంతో తెలుసుకోవడానికి, తాతలా నాణేలు పరీక్షించి మార్చే షరాబుల చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను.

మన భాషలోనే ఒక జాడ ఉంది. నాణెం, నాణ్యం ఒక్క మాటకే రెండు రూపాలు. అంటే నాణెం అనగానే మేలుదా, నాసిదా అన్న ప్రశ్న అందులోనే ఇమిడి ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ ప్రశ్నకు ఒక ఉద్యోగి ఉన్నాడు. పేరు రూపదర్శకుడు. ఏ నాణెం బజారులో నడవాలో, ఏది ఖజానాకు పనికొస్తుందో తేల్చడం అతని పని. పరీక్షించినందుకు రుసుము నూటికి పణంలో ఎనిమిదో వంతు. ఆ కాలపు వెండి నాణేలు, అంటే మన అమరావతిలో కూడా కుండెడు దొరికిన ముద్రాంకిత నాణేలు, చూడటానికి కత్తిరించిన రేకుముక్కల్లా ఉంటాయి. ముందువైపు సూర్యుడు, చక్రం లాంటి పెద్ద గుర్తులు. వెనకవైపు సన్నసన్న గుర్తులు చాలావాటి మీద కనిపిస్తాయి. చేతులు మారినప్పుడల్లా చూసి, సరేనని షరాబులు కొట్టిన ముద్రలు అవి అని పండితుల మాట. నాకైతే అవి పాత చెక్కు వెనక సంతకాల్లా కనబడతాయి.

బయటి దేశాల నాణెమైనా మనవాళ్లు ఊరికే నమ్మలేదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. వాటిలో కొన్నిటి మీద చక్రవర్తి ముఖం పక్కనే ఇక్కడ కొట్టిన చిన్న ముద్రలున్నాయి. 1898లో తమిళదేశంలోని పుదుక్కోట దగ్గర దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో ఎక్కువవాటి మీద ఉలితో గాటు పెట్టారు, అదీ నేరుగా చక్రవర్తి తల మీద. మారకంలో చెల్లకుండా చేయడానికని కొందరు, లోపల ఏముందో చూడటానికని కొందరు అంటారు. ఏదైనా, గాటు పెట్టినవాడికి చక్రవర్తి ఎవరన్నది పట్టలేదు. లోపలి బంగారమే పట్టింది.

రాజులకు మాత్రం బొమ్మే ముఖ్యం. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత రాజు నహపాణుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్లీ కొట్టించాడు. కొన్నిటి మీద శాతవాహనుల కొండగుర్తు కింద నుంచి ఓడిపోయిన రాజు ముక్కు ఇంకా తొంగిచూస్తుంది. వెండి అదే, బరువు అదే, మారింది సంతకం. మరి ఇది దొంగ నాణెమా? కాదు. రాజు చేస్తే అది చరిత్ర. నా రూపాయి మీద ఎనిమిదిని తొమ్మిది చేసినవాడు చేస్తే మోసం. పని ఒకటే అయినా, దాని వెనక ఉన్న అధికారం వేరు.

షరాబు వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా నడిచింది నాణేలు కలగాపులగంగా ఉన్న కాలంలో. వరహా, మాడ, పణం, రూక, డబ్బు, కాసు — ఇవన్నీ ఒకప్పుడు వేరువేరు నాణేలు. మనం ఇప్పుడు మొత్తం ధనానికే వాడే 'డబ్బు' కూడా ఒక రాగినాణెం పేరే. ఒక ఊరి వరహా ఇంకో ఊరికి వెళ్తే పూర్తి విలువకు చెల్లదు. తరుగుకు, అరుగుదలకు, దూరానికి వట్టం కోసేవాడు షరాబు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో వరహాను పక్కనబెట్టి రూపాయిని ప్రమాణం చేశారు. వరహాకు మూడున్నర రూపాయలని లెక్క కట్టారు.

నిజాం ఇలాకాలో కథ ఇంకా చిక్కగా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో టంకశాల అంటే ఒక్క హైదరాబాద్ కాదు. గద్వాల, నారాయణపేటల్లో కూడా రూపాయలు కొట్టారు. ఔరంగాబాద్‌లో పార్శీ సాహుకార్లయిన పేస్తన్‌జీ మెహర్‌జీ వాళ్లు కొట్టిన రూపాయికి పేస్తన్‌షాహీ అని పేరే ఉంది. ప్రతి రూపాయి మీదా మొగలు చక్రవర్తి పేరో, నిజాం గుర్తో ఉంటుంది. వెండి మాత్రం టంకశాలకొక తీరు. ఇక రైతు శిస్తు కట్టాలంటే ముందు షరాబు ముందు నిలబడక తప్పదు. మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యాక జిల్లాల్లోని టంకశాలలను మూయించి నాణేల పనిని హైదరాబాద్‌కు తెచ్చాడు. 1903లో సైఫాబాద్‌లో కొత్త టంకశాల వచ్చింది. యంత్రం మీద, చార్మినార్ బొమ్మతో, గుండ్రంగా, అంచు పళ్లు తీరి ఉన్న హాలీ సిక్కా దిగింది.

మా తాత ఈ చివరి అంకం మనిషి. పక్క జిల్లాలో అల్లుడున్నవాళ్లు, మద్రాసు రైలెక్కేవాళ్లు ఆయన దగ్గరే హాలీ ఇచ్చి కల్దారు తీసుకునేవాళ్లు. కల్దారంటే ఇంగ్లీషు రూపాయి. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. ఎక్కాలు వచ్చినట్టే ఈ లెక్క నాకు నోటికి వచ్చేది. ఎందుకు సరిగ్గా అంత అన్నది మాత్రం ఆ 1939 దెబ్బ తిన్నాకే కాగితం మీద వేసి చూశాను. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8. అంటే అసలు వెండి 9.15 గ్రాములు. కల్దారులో 10.69. నూరు కల్దార్లలో వెండి కిలో మీద అరవై తొమ్మిది గ్రాములు. నూట పదహారు చిల్లర హాలీలోనూ దాదాపు అంతే. తేడా రెండు గ్రాములు. అణాలు, పైలతో సహా ఆ రేటు రెండు రాజ్యాల వెండిని త్రాసులో పెట్టి తూచినట్టుంది. తాతకు నిజం అంటే అదే, త్రాసు ముల్లు నిటారుగా నిలబడటం.

ఆ త్రాసును కాలమే పనికిరాకుండా చేసింది. 1940లో ఇంగ్లీషు రూపాయిలో వెండిని నూటికి యాభైకి దించారు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. రూపాయి విలువ రూపాయిలో లేకుండా పోయింది. "ఇది రూపాయి గాదు బిడ్డా, రూపాయి కట్టిన ఏసం" అని తాత నికెల్ రూపాయిని పలక మీద ఎగరేసేవాడు కూడా కాదు. షరాబు చేతిలోంచి జారిపోయిన ఆ పని తర్వాత రెండుగా చీలింది. చలామణీ నాణెం సంగతి ప్రభుత్వం చూసుకుంది. పాత నాణెం సంగతి సేకర్తకు మిగిలింది.

సేకర్త దగ్గరికి వచ్చే దొంగది తాత దగ్గరికి వచ్చిన దొంగది కాదు. అప్పటి దొంగ వెండి మిగుల్చుకునేవాడు. ఇప్పటి దొంగ వెండి ధారాళంగా పోస్తాడు, అతనికి కావలసింది పాతదనం. అందుకే ఇప్పుడు నేను చూసేది పుట్టుక. నాణెం రెండు విధాల పుడుతుంది: అచ్చు దెబ్బతో, లేదా మూసలో పోతతో. శాతవాహనుల సీసం నాణేల్లో, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేల్లో పోత పోసినవీ ఉన్నాయి కానీ, హాలీ రూపాయి, కల్దారు దెబ్బతో పుట్టినవే. దెబ్బ తగిలిన లోహం అచ్చులోని మూలమూలకూ పారుతుంది, అక్షరం అంచు నిక్కి ఉంటుంది. పోతలో అక్షరాలు సబ్బుబిళ్ల మీద పేరులా మొద్దుబారతాయి. నేల మీద సూదిపోటంత గుంటలు పడతాయి, అంచు మీద రెండు మూసలు కలిసినచోట సన్నని అతుకు మిగులుతుంది. అతుకును ఆకురాయితో రుద్దేస్తే అక్కడి పళ్లు చెరుగుతాయి. అందుకే బొమ్మాబొరుసూ చూసేముందు నేను అంచు చూస్తాను. దొంగ ఎక్కువగా అలిసిపోయేది అక్కడే.

యంత్రం రాకముందు చేత్తో కొట్టిన నిజాం రూపాయిలో ఇంకో చమత్కారం ఉంది. అచ్చు పెద్దది, వెండిబిళ్ల చిన్నది. కాబట్టి మొత్తం రాత ఏ ఒక్క రూపాయి మీదా పూర్తిగా పడదు. ఒకదాని మీద ఊరి పేరు సగం ఉంటే, ఇంకోదాని మీద సంవత్సరం ఎగిరిపోతుంది. అలాంటి నాణెం మీద రాత అంతా మధ్యలో ముద్దుగా పూర్తిగా కనబడిందంటే చెయ్యి వెనక్కి తీసుకుంటాను. చెల్లని రూపాయికి గీతలెక్కువ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

చార్మినార్ రూపాయి దగ్గర నా కళ్లు రెండు చోట్లకు వెళ్తాయి. చార్మినార్ నడిమి గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీఖాన్‌దైతే మీమ్, ఉస్మాన్ అలీఖాన్‌దైతే ఐన్. రాజు మారింది 1911లో, హిజ్రీ 1329. నాణెం మీద హిజ్రీ సంవత్సరంతోపాటు రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో కూడా వేశారు. 1329 ఒకటో ఏడైతే, 1340 మీద పదకొండో పన్నెండో ఉండాలి. గుమ్మంలో మీమ్ పెట్టి 1340 వేసిన రూపాయి ఎంత బాగా మోగినా ఏం లాభం? పుట్టిన తేదీకి, తండ్రి పేరుకు పొంతన లేని మనిషి లాంటిది అది.

అసలే పుట్టని నాణేలను అమ్మేవాళ్లూ ఉన్నారు. నేను కౌంటర్‌లో ఉండగా ఒక పెద్దాయన ఎర్రగుడ్డలో చుట్టి ఒకటి తెచ్చాడు. ఒకవైపు సీతారామలక్ష్మణులు, పాదాల దగ్గర హనుమంతుడు. ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1818 అని ఇంగ్లీషులో ఉంది. బియ్యాన్ని లాగుతుందని, విదేశాల వాళ్లు కోట్లిస్తారని ఎవరో చెప్పి, ఆయన ఎకరం అమ్మిన డబ్బు లాగేసుకున్నారు. ఇనుపరజను పట్టించిన బియ్యం, బల్ల కింద అయస్కాంతం ఉంటే ఏదైనా లాగుతుంది. నాణెం మాటకొస్తే, బ్రిటిష్ ఇండియాలో ఒక అణా నాణెం చలామణీలోకి వచ్చింది 1907లో. అంచు వంకులు తిరిగి ఉండే నికెల్ కలిసిన బిళ్ల అది. విలువ తెలుగు లిపిలో కూడా రాసి ఉంటుంది. 1818లో ఆ పేరుతో కంపెనీ అచ్చువేసిన రాముడి అణా లేదు. అది తీర్థయాత్రల్లో అమ్మే బిళ్ల లాంటిది. నేను ఇవన్నీ చెప్పాను. ఆయన విని, బిళ్లను కళ్లకద్దుకుని, మళ్లీ ఎర్రగుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన చేతిలో ఉన్నది నాణెం కాదు, ఆశ. దాన్ని ఏ గీటురాయి మీద గీయాలో నాకు తెలియలేదు.

దీనికి తలకిందుల కథ కూడా ఒకటుంది, అసలైనదాన్నే జనం వద్దన్న కథ. 1911 ఐదో జార్జి రూపాయి మీద రాజు అంగీ పైన ఉన్న గొలుసులో చిన్న ఏనుగు ఉంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనబడింది. గొడవ లేచింది. అచ్చయిన 94 లక్షల్లో బయటికి వచ్చింది దాదాపు ఏడు లక్షలు, మిగతావాటిని కరిగించారు. 1912లో ఏనుగుకు తొండం సరిచేశారు. వెండి నిఖార్సయినదే, ముద్ర ప్రభుత్వానిదే, అయినా చెల్లలేదు. ఆ పొరపాటే ఇప్పుడు దాని వెల.

ఇప్పుడు నేను ఏదైనా అపురూపమైన నాణెం కొనేముందు ఇంటికి తెచ్చి పరీక్షించను. బల్ల దగ్గరే, కొనకముందే పరీక్షిస్తాను. బేరం కుదిరాక కళ్లు మసకబారతాయి, అది అనుభవం మీద తెలిసింది. అదే సంవత్సరపు అసలు నాణెం ఫోటో వెంట ఉంటుంది. దీపం ఏటవాలుగా పట్టి అంకెలు, అక్షరాలు ఒక్కొక్కటీ పోలుస్తాను. ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడుగుతాను. రసీదు రాసివ్వమంటాను, తేడా వస్తే వెనక్కి తీసుకుంటానని అందులో ఉండాలంటాను. రాయడానికి నసిగేవాడి దగ్గర నాణెం ఎంత మంచిదైనా కొనను. నేలలో దొరికిందని గుసగుసగా చెప్పేవాడి దగ్గర అసలే కొనను. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. అది నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. రెండిట్లో ఏదీ నాకొద్దు. బరువు, మోత, నీళ్లలో తూకం చివర్లో చూస్తాను. అవి 'కాదు' అంటే నమ్ముతాను. 'అవును' అంటే మాత్రం ఇంకోసారి భూతద్దం తీస్తాను.

ఆ 1939 రూపాయిని వెనక్కివ్వడానికి వెళ్తే ఆ బల్లా లేదు, ఆ మనిషీ లేడు. మొదట్లో దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. తర్వాత ఒకరోజు తాత త్రాసు బయటికి తీసి, ఒక పళ్లెంలో దాన్ని, ఇంకో పళ్లెంలో నా దగ్గరున్న మంచి 1938 రూపాయిని పెట్టాను. ముల్లు నిటారుగా నిలబడింది. ఆయన బతికుండి నేను దీన్ని పలక మీద వేసి ఉంటే, అంకె వంక చూడకుండానే మంచి కుప్పలోకి తోసేవాడు. అణా వట్టం కూడా కోసేవాడు కాదు.

ఆల్బమ్‌లో 1939 అని రాసిన గడి ఇంకా ఖాళీగానే ఉంది. 1938 గడిలో రెండు రూపాయలున్నాయి.